చిక్కటి సల్లకూ పల్చటి సల్లకూ నడుమ

ఆ బడిలో టీచర్లకు తరగతి గదుల్లో కుర్చీలు ఉండవు. కూర్చున్న టీచరుకు నిద్ర వస్తుందని యాజమాన్యం నమ్మకం. పంజాగుట్ట మెట్రో స్టేషను వెనక సందులో, నాలుగంతస్తుల ఆ భవనంలో, అరుణాదేవి పద్నాలుగేళ్ళుగా నిలబడి లెక్కలు చెబుతోంది. గోడమూల పైన ఒక కెమెరా ఉంటుంది. దానికి మోకాళ్ళు లేవు కాబట్టి అలసట లేదు.

ఆవిడ వయసు యాభై మూడు. రామచంద్రపురంలో తెలుగు మీడియంలో చదువుకుని, రాజమండ్రిలో బీఎడ్ చేసి, పెళ్ళయ్యాక భర్త హనుమత్ప్రసాద్ వెంట హైదరాబాదు వచ్చింది. వచ్చిన ఏడాదే అమీర్‌పేటలో ఒక చిన్న బడిలో చేరింది. అప్పటినుంచి బళ్ళు మారాయి, సుద్దముక్కలు పోయి మార్కర్లు వచ్చాయి, అమీర్‌పేట చౌరస్తాలో ఆకాశం కనబడే చోట మెట్రో పట్టాలు వచ్చాయి. ఎనిమిదో తరగతి మొదటి పాఠం మాత్రం మారలేదు. జూన్‌లో బడి తెరవగానే అదే. పిల్లలు రేషనల్ నంబర్స్ అంటారు. ఆవిడ నోరు కూడా ఇప్పుడు అదే అంటుంది. లోపల మాత్రం అవి ఇంకా అకరణీయ సంఖ్యలే.

చిన్నప్పుడు ఆ సంఖ్యలన్నీ కలిసి ఆవిడకు ఒక పెద్ద ఇల్లులా కనబడేవి. ఆ ఇంట్లో ఏ ఇద్దరిని కూడినా, గుణించినా మళ్ళీ ఆ ఇంటి మనిషే వస్తాడు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పట్టింపు లేదు. సున్నా వచ్చి చేరితే ఎవరి ముఖమూ మారదు. సున్నాతో భాగించమంటే మాత్రం ఆ ఇంటి తలుపు తెరుచుకోదు. అన్నిటికంటే ఆవిడకు నచ్చిన ధర్మం ఒకటుంది. ఎంత దగ్గరగా కూర్చున్న ఇద్దరి మధ్యనైనా ఇంకొకరికి చోటుంటుంది. ఆ మాట మొదటిసారి విన్న రోజు, బడినుంచి ఇంటికి పోతూ, ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ మధ్య ఎన్ని చోట్లున్నాయోనని కాలువగట్టు మీద ఆగి ఆగి నడిచింది. ఇంటికి చేరేసరికి పొద్దు వాలిపోయింది.

ఇప్పుడు ఆ మాట ఎన్ని వేలసార్లు చెప్పిందో. రసం పోయాక కూడా నోట్లో ఉండిపోయిన చెరుకుపిప్పిలా ఉంటుంది.

జులైలో మొదటి యూనిట్ టెస్టు అయింది. టెస్టు తర్వాత ఆ బడిలో సెక్షన్లు మారతాయి. నలభైకి ముప్ఫై వచ్చినవాళ్ళు మొదటి అంతస్తులో ఎ సెక్షన్‌లో ఉంటారు. రానివాళ్ళు మేడమీద రేకుల గదిలో ఉన్న బి సెక్షన్‌కి పోతారు. శుక్రవారం సాయంత్రం నోటీసు బోర్డు మీద లిస్టు అంటిస్తారు. బి సెక్షన్ లెక్కల సారు జూన్‌లోనే మానేసి అమీర్‌పేటలో ఏదో కోచింగ్ సెంటర్లో చేరాడు. అప్పటినుంచి ఆ పీరియడ్‌లో ఆటల సారు వచ్చి, పిల్లలు మాట్లాడకుండా చూసుకుని వెళ్ళిపోతున్నాడు. ఒకసారి మేడమీదికి పోయిన పిల్లలు మళ్ళీ కిందికి దిగడం అరుదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, పిల్లలకు ఇంకా బాగా తెలుసు.

రెండు సెక్షన్ల పేపర్లూ ఆవిడే దిద్దాల్సి వచ్చింది. నూట పదహారు పేపర్లు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద హెడ్డాఫీసు నుంచి వచ్చిన ‘కీ’ పక్కన పెట్టుకుని దిద్దింది. పక్కగదిలో హనుమత్ప్రసాద్ గారు టీవీ పెట్టుకుని నిద్రపోయారు. డెబ్బయ్యో పేపరుకి వచ్చేసరికి చదవడం కళ్ళ పని కాకుండా పోయింది, పెన్నే చదువుతోంది. కొన్ని తప్పులున్నాయి, ఇరవై ఆరేళ్ళుగా చూసి చూసి వాటి పొడ కనబడగానే పెన్ను తనంతట తనే కొట్టేస్తుంది. పై అంకెలు కూడి పైన రాయడం, కింది అంకెలు కూడి కింద రాయడం అందులో మొదటిది. నవీన అనే అమ్మాయి పేపర్లో అది రెండుచోట్ల కనబడింది. మూడో ప్రశ్న, 2/3కి 1/4 కూడమని. 3/7 అని రాసింది. కొట్టేసింది. ఏడో ప్రశ్న, 1/3కీ 1/2కీ మధ్య మూడు రేషనల్ నంబర్లు రాయమని, మూడు మార్కులు. అక్కడా పైవి పైకి, కిందివి కిందికి కూడి, 2/5, 3/8, 3/7 అని రాసింది. మొదటి మెట్టు చూడగానే పెన్ను గీత గీసేసింది. మొత్తం ఇరవై ఎనిమిది. ఎ సెక్షన్‌కి రెండు తక్కువ.

మంగళవారం పేపర్లు ఇచ్చింది. ఇంటర్వెల్లో నవీన స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. సన్నటి పిల్ల, రెండు జడలు, చేతిలో పేపరు నాలుగు మడతలు.

“మేడమ్, జర గీ ఏడో ప్రశ్న చూస్తరా?”

“ఏంటమ్మా, ఎవరైనా అలా కూడతారా? మూడో దాంట్లోనూ అదే చేశావు.”

“మూడోది తప్పే మేడమ్, సమజైంది. గిది మాత్రం నడుమనే ఉంటది.”

“నీకెలా తెలుసు?”

“ఇంట్ల చూస్త మేడమ్. రోజు.”

బెల్లు మోగింది. అరుణాదేవి లేచి చీరకుచ్చెళ్ళు సర్దుకుంది. “మెథడ్ తప్పు నవీనా. కీలో ఆ మెథడ్ లేదు. వెళ్ళు.”

పిల్ల వాదించలేదు, పేపరు మళ్ళీ నాలుగు మడతలు పెట్టుకుని వెళ్ళిపోయింది. వాదించే పిల్లల్ని అరుణాదేవి పావుగంటలో మరిచిపోగలదు. వాదించకుండా వెళ్ళినవాళ్ళే మధ్యాహ్నందాకా వెంట ఉంటారు.

మధ్యాహ్నం డబ్బా మూత తీసి, పెరుగన్నం రెండు ముద్దలు తిని, పొద్దున ఎస్ఆర్ నగర్ స్టేషను మెట్ల దగ్గర ఎవరో చేతిలో పెట్టిన ‘నలభై ఐదు రోజుల్లో పైథాన్’ కరపత్రం వెనక్కి తిప్పింది. 2/5 అంటే 0.4. 1/3 అంటే 0.333, 1/2 అంటే 0.5. నడుమనే ఉంది. 3/8, 0.375. నడుమనే. 3/7, 0.428. అదీ నడుమనే.

చేతిలో ముద్ద ఎండిపోయింది. వేరే జంటలు వేసి చూసింది. 3/5కీ 7/8కీ ఆ లెక్కన 10/13 వచ్చింది. నడుమనే. రుణసంఖ్య పెట్టి చూద్దామని -1/2కీ 1/3కీ వేసింది. సున్నా వచ్చింది, అదీ నడుమనే.

పక్కన కూర్చున్న సైన్సు టీచరు దివ్యశ్రీ తొంగిచూసి, “ఏంటి మేడం, పైథాన్ నేర్చుకుంటున్నారా? చెప్పకుండా వెళ్ళిపోతారా మమ్మల్ని వదిలి?” అంది.

“వెళ్ళే ఓపిక ఉంటే ఇక్కడెందుకుంటానమ్మా” అంది అరుణాదేవి, లెక్క మీంచి తల ఎత్తకుండా.

ఇరవై ఆరేళ్ళు. ఏడాదికి వందమంది అనుకున్నా ఎంతమంది ఈ పని చేసి ఉంటారు, ఎన్ని ఎర్రగీతలు గీసి ఉంటుంది. వాటిలో కొన్నయినా ఇలాంటి ప్రశ్న కింద పడి ఉండవా? ఎందుకు నడుమనే వస్తోందో మాత్రం ఆవిడకు అందలేదు. బీజగణితంలో పెట్టి రుజువు చేయొచ్చు, నాలుగు లైన్లు పట్టవచ్చు. ఆ నాలుగు లైన్లు రాసే సత్తువ ఆ మధ్యాహ్నం వేళ్ళలో లేదు.

సాయంత్రం గేటు దగ్గర నవీన కనబడింది. సన్నగా తుంపర పడుతోంది.

“ఇంట్లో చూస్తానన్నావు. ఏం చూస్తావు?”

“సల్ల మేడమ్.”

“మజ్జిగా?”

“ఆ. మా అమ్మ ఎస్ఆర్ నగర్‌ల హాస్టల్ల వంట చేస్తది. మీరు దిగే స్టేషన్‌కాడ్నే. వస్తరా మేడమ్?”

రెండు స్టేషన్ల దూరం. పంజాగుట్టలో ఎక్కారు, అమీర్‌పేటలో సగం బండి దిగి అంతకు రెట్టింపు ఎక్కింది. సీటు దొరకలేదు. కిటికీ అద్దం మీద చినుకులు పక్కకు జారుతూ, ఒకదానికొకటి చేరువై, కలవబోయి కలవకుండా పోతున్నాయి. అరుణాదేవి పట్టుకున్న కడ్డీనే నవీన కొంచెం కింద పట్టుకుంది.

హాస్టలు వంటగది నేలమాళిగలో ఉంది. పోపు వాసన, తడి నేల, గోడ పక్కన రెండు పెద్ద గంజులు. నవీన వాళ్ళమ్మ స్వరాజ్యం కొంగు నడుముకు చుట్టి ఉల్లిగడ్డ కోస్తోంది. టీచరును చూడగానే కత్తిపీట పక్కకు జరిపి లేచింది.

“ఏం చేసింది మేడమ్ మా పిల్ల?”

“ఏం చేయలేదండీ. మజ్జిగ చూపిస్తానంది.”

స్వరాజ్యం కూతురివైపు చూసింది. “గిదేం కథనే? మేడమ్‌ను సల్ల చూపిస్తనని తోలుకొస్తవా? చాయ్ పోస్తనని తోలుకు రావొద్దా?”

ముక్కాలిపీట మీద టీచరును కూర్చోబెట్టి, చాయ్ పెట్టి, ఆ తర్వాత చెప్పింది. హాస్టల్లో అరవై నాలుగు మంది ఆడపిల్లలు. అందరూ కోర్సులకు వచ్చినవాళ్ళే. మధ్యాహ్నం క్లాసులున్నవాళ్ళు చిక్కటి మజ్జిగ తాగితే నిద్ర ముంచుకొస్తుందని పల్చటిది అడుగుతారు. క్లాసు లేనివాళ్ళు పల్చటిది పోస్తే నీళ్ళు పోశావని కొట్లాడతారు. అందుకని రెండు గంజులు. పల్చటి దాంట్లో నీళ్ళతో కలిపి మూడు చెంబులకు ఒక చెంబు పెరుగు, చిక్కటి దాంట్లో రెండు చెంబులకు ఒకటి. సాయంత్రానికి రెండింట్లో మిగిలింది ఒకే గంజులో పోసేస్తుంది.

“గది ఎట్లుంటది?” అని నవీన తల్లిని అడిగింది, జవాబు తెలిసిన టీచరు అడిగినట్టు.

“ఎట్లుంటదంటే? చిక్కటి దానికన్న చిక్కగుంటదా, పల్చటి దానికన్న పల్చగుంటదా? నడుమ రకముంటది. గంతే. గిది సుత అడుగుతరా బడిల?”

నవీన రెండు చెంబుల చిక్కటి మజ్జిగ, మూడు చెంబుల పల్చటి మజ్జిగ ఒక బేసిన్‌లో పోసింది. “మేడమ్, దీంట్ల పెరుగు ఒకటి, దాంట్ల ఒకటి. రెండు చెంబుల పెరుగైంది. మొత్తం ఐదు చెంబులు. రెండు బై ఐదు. మళ్ళ దీన్ని పల్చటి దాంట్ల పోస్తే మూడు బై ఎనిమిది. చిక్కటి దాంట్ల పోస్తే మూడు బై ఏడు.”

అరుణాదేవి చాయ్ గ్లాసు కింద పెట్టింది. బేసిన్‌లో నురగ మెల్లగా విరుగుతోంది. నాలుగు లైన్ల రుజువు అక్కడ తెల్లగా, కొంచెం పులిసిన వాసనతో, కదలకుండా ఉంది.

“మరి మూడో ప్రశ్న ఎందుకు తప్పయిందో చెప్పు” అంది.

“కూడిక కద మేడమ్. గట్ల చేయొద్దు.”

“చేయకూడదని తెలుసు. ఎందుకు చేయకూడదు?”

నవీన తల్లివైపు చూసింది. తల్లి ఉల్లిగడ్డవైపు చూసుకుంది. అరుణాదేవి పీట మీంచి లేవకుండానే ఒక ఖాళీ చెంబు అందుకుంది.

“కూడికలో ఉండేది ఈ ఒక్క చెంబే. ఇందులో మూడింట రెండు వంతుల దాకా పెరుగు పోశావనుకో. దానిమీద ఇంకో పావు చెంబు పెరుగు పోస్తే?”

“నిండనీకె వస్తది. జరంత తక్కువ.”

“నువ్వేం రాశావు? ఏడింట మూడు. సగం చెంబు కూడా లేదు. మొదట పోసినదానికంటే తగ్గిపోయింది. పోసినకొద్దీ తగ్గుతుందా?”

నవీన చేయి నోటిమీద పెట్టుకుంది. “నేను నీళ్ళు సుత కూడిన మేడమ్.”

“అదే. ఏడో ప్రశ్నలో నీళ్ళు కూడాలి. మూడో ప్రశ్నలో కూడదు.”

“చూసినవా” అంది స్వరాజ్యం కూతురితో, “ఏడ నీళ్ళు పోయాల్నో ఏడ పోయొద్దో తెల్వకుంటే హాస్టల్ల నన్ను సుత ఉండనియ్యరు.”

ఆ మాటకు ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక స్వరాజ్యం ఉల్లిగడ్డ మీద చేయి ఆపి, తల ఎత్తకుండా అడిగింది.

“మేడమ్, పిల్ల మీదికి పోతదంట గద. మీద లెక్కలు చెప్పేటోళ్ళు లేరంట. మా ఇంటి మొత్తంల లెక్కలొచ్చేది దీనికొక్కదానికే.”

అరుణాదేవి చేతిలోని చెంబు కింద పెట్టింది. “నేను అడుగుతానండీ” అంది.

బుధవారం పొద్దున్నే అకడమిక్ కోఆర్డినేటర్ వంశీధర్ గదికి వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళు కూడా నిండని మనిషి, ఎదుట రెండు కంప్యూటర్లు, కళ్ళ కింద ఆవిడకున్నంత నలుపు. పేపరు చూపించి జరిగింది చెప్పింది. అతను పెన్ను తీసుకుని రెండు జంటలు వేసి చూశాడు.

“ఇంటరెస్టింగ్ మేడం. కానీ ఒకటి చూడండి. సగాన్ని 1/2 అని రాయకుండా 2/4 అని రాస్తే? 1/3తో చేర్చితే 3/7 వస్తుంది. ఇందాక 2/5 వచ్చింది. సంఖ్య అదే, జవాబు మారిపోయింది. రాసే తీరును బట్టి జవాబు మారితే అది మెథడ్ అవుతుందా?”

మంచి ప్రశ్న. ఈ బడిలో చాలా ఏళ్ళ తర్వాత ఒకరు తనను లెక్క అడిగారు. అరుణాదేవి వీపు కొంచెం నిటారైంది.

“కూడిక అయితే అవదండీ. కూడికకి జవాబు ఒక్కటే ఉండాలి, ఎలా రాసినా అదే రావాలి. అందుకే మూడో ప్రశ్నలో నేను మార్కు ఇవ్వమనడం లేదు. ఏడో ప్రశ్న అడిగింది మధ్యలో ఉండే ఏవో మూడు సంఖ్యలు. మధ్యలో లెక్కలేనన్ని ఉన్నాయి. ఒకసారి ఒకటి దొరికింది, ఇంకోసారి ఇంకొకటి దొరికింది. రెండూ మధ్యలోవే. తప్పెక్కడుంది?”

వంశీధర్ పెన్ను మూత పెట్టాడు. “మీరు చెప్పింది కరెక్టే.”

“అయితే మూడు మార్కులు...”

“మార్కులు సోమవారమే అప్‌లోడ్ అయిపోయాయి మేడం. అన్ని బ్రాంచీలకీ ఒకే కీ. కీలో లేని మెథడ్‌కి మార్కు వేసే అధికారం నాకు లేదు. హెడ్డాఫీసుకి రాస్తాను. వాళ్ళు జవాబిచ్చేసరికి దసరా అవుతుంది. శుక్రవారం లిస్టు ఆగదు.” పెన్ను జేబులో పెట్టుకుంటూ, “తర్వాతి టెస్టుకి మళ్ళీ దిగుతుందిలెండి” అన్నాడు.

“మేడమీంచి దిగినవాళ్ళని మీరెంతమందిని చూశారు?”

అతను కంప్యూటరు తెరవైపు చూశాడు.

తప్పు చేసింది తన పెన్ను. సోమవారానికి ముందు కళ్ళు తెరిచి దిద్ది ఉంటే ముప్ఫై ఒకటి వచ్చేవి, ఇంత దూరం వచ్చేదే కాదు. అలసట తన ఒంట్లోదే అనుకుంది ఇన్నాళ్ళూ. అది ఎర్రసిరాలో కలిసి ఇంకొకరి కాగితం మీద కూడా పడుతుందని ఇప్పుడే కనబడుతోంది.

“అయితే బి సెక్షన్ నాకివ్వండి” అంది.

“ఎ సెక్షన్ వదిలేసా?”

“రెండూ చెప్పే ఓపిక లేదండీ నాకు. ఎ సెక్షన్‌కి ఎవరొచ్చినా నడుస్తుంది. వాళ్ళకి ట్యూషన్లున్నాయి.”

“వేసవిలో రివ్యూ ఉంటుంది మేడం. మీకు తెలుసు. బి సెక్షన్ రిజల్టు చూపించి మిమ్మల్ని కంటిన్యూ చేయమని అడగడం నాకూ కష్టమే.”

“తెలుసు.”

“నాలుగంతస్తులు ఎక్కాలి. లిఫ్టు స్టాఫ్‌కి లేదు.”

“అదీ తెలుసండీ.”

వంశీధర్ టైంటేబుల్ తెరిచి రెండు గళ్ళలో పేర్లు అటూ ఇటూ మార్చాడు. అంతకు ఒక నిమిషం పట్టింది.

శుక్రవారం లిస్టు అంటించారు. నవీన పేరు బి కింద ఉంది. పిల్ల బోర్డు ముందు నిలబడి తన పేరు ఒకటికి రెండుసార్లు చదువుకుని బ్యాగు భుజాన సర్దుకుంది. ఆ పక్కనే అంటించిన కొత్త టైంటేబుల్ పిల్ల చూడలేదు. పిల్లలెవరూ టీచర్ల పేర్లు చూడరు. అరుణాదేవి దూరం నుంచి చూసింది, పిలిచి చెబుదామనుకునేలోగా పిల్ల గేటు దాటింది.

సోమవారం మూడో పీరియడ్. వాన. మొదటి అంతస్తు దాటాక మోకాలు వయసు గుర్తు చేసింది, రెండో అంతస్తులో ఆగి రెయిలింగ్ పట్టుకుంది, మూడో అంతస్తులో ఊపిరి కోసం కిటికీ దగ్గర నిలబడింది. కిటికీలోంచి పంజాగుట్ట ఫ్లైఓవరు మీద బండ్లు ఒకదాని వెనక ఒకటి, చినుకుల్లో అద్దాలు తుడుచుకుంటూ నిలిచిపోయి ఉన్నాయి. ఎక్కే మెట్టుకూ ఎక్కిన మెట్టుకూ మధ్య కూడా చాలా చోట్లున్నాయి. కాలువగట్టు మీద ఆ చోట్ల కోసమే ఆగేది. ఇప్పుడు ఊపిరి తీసుకోవడానికి ఆగుతోంది.

రేకుల గదిలో యాభై మంది పిల్లలు. గోడకు కెమెరా లేదు, వైరు మాత్రం వేలాడుతోంది. ఆటల సారు వస్తాడని చేతులు కట్టుకు కూర్చున్నవాళ్ళు ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డారు. రెండో బెంచీలో నవీన అందరికంటే ఆలస్యంగా లేచింది.

“గుడ్ మార్నింగ్ మేడమ్” అన్నారు అందరూ.

“రెండు సంఖ్యలు చెప్పండి” అంది అరుణాదేవి.

“సున్నా, ఒకటి” అన్నారెవరో.

“మధ్యలో?”

“సగం.”

“సున్నాకీ సగానికీ మధ్యలో?”

“నవీనా, నువ్వు రా. నీ పద్ధతిలో చెయ్యి” అంది. పిల్ల బోర్డు దగ్గరికి వచ్చి మార్కర్ అందుకుంది. సున్నాని 0/1 అని రాసింది, పక్కన 1/2. పైవి పైకి, కిందివి కిందికి. 1/3. మళ్ళీ 0/1 రాసి, 1/4.

“గట్ల ఎందాక పోతది మేడమ్?” అని వెనక బెంచీ నుంచి ఒక గొంతు.

“బెల్లు కొట్టేదాకా” అంది అరుణాదేవి. గది నవ్వింది.

అప్పుడు చూసింది. బోర్డు పక్కన, మూలగా, ఆటల సారు వదిలేసిన నీలం ప్లాస్టిక్ కుర్చీ. ఒక కాలు కింద అట్టముక్క మడిచి పెట్టి ఉంది. ఆవిడ దాన్ని లాక్కుని, చీరకొంగుతో తుడిచి, కూర్చుంది. పద్నాలుగేళ్ళలో తరగతి గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. మోకాళ్ళు మెల్లగా చల్లబడ్డాయి. నిద్రేమీ రాలేదు.

నవీన 1/5 రాసి, వెనక్కి తిరిగి ఆవిడ ముఖం చూసింది.

“ఆగావేం?” అంది అరుణాదేవి. “రాయి. ఇంకా చోటుంది.”